ప్లాట్‌ఫారం మీద ఆగిన మాట

మే నెల, ఆదివారం రాత్రి

చాటింగ్‌లో పరిచయమైన ఇద్దరు చివరికి ఎదురుపడే ప్రేమ నవలలు నేనూ రాజేందరూ ఎన్ని చదివామో! ఏడాదిగా నెట్ సెంటర్‌లో కూర్చుని అతనితో చాటింగ్‌లో చెప్పుకున్న కబుర్లు చాలావరకు వాటి గురించే. ఆ నవలల్లో కలుసుకున్న చోటే కథ అయిపోతుంది. ఈరోజు మొదటిసారి నన్ను చూడటానికి అతను కాసిపేట నుంచి రామగుండం స్టేషన్‌కు వచ్చాడు.

అతనికి నత్తి ఉందని నాకు తెలియదు. తెర మీద అంత చకచకా నవ్వించే మనిషి, నా పేరు పలకడానికే చెమటలు కక్కాడు. నాకు కోపం రాలేదు, జాలీ కలగలేదు. ఆ గొంతు వినాలనే అనిపించింది. కానీ పక్క బెంచీ మీద టీ తాగుతున్నాయన నవ్వాడు. అది రాజేందర్ చూశాడు.

"చా... చాటింగ్‌లనే మంచిగుండె," అన్నాడు తల వంచుకుని.

"నాకేం జల్ది లేదు. మెల్లగ చెప్పుండ్రి."

"నే... నేను మి... మిమ్మల్ని..."

ప్యాసింజరు వచ్చేసింది. నా వైపు చూడకుండా ఎక్కేశాడు.

ఇంటికొస్తే అమ్మ, "గింత ఎండల ఏడికి పోయినవే? మొఖమంత గట్లున్నదేంది?" అంది. తలనొప్పి అని పడుకున్నాను.

రేపు నెట్ సెంటర్‌కు వెళ్తే ఆ మిగిలిన మాట టైపు చేసి పంపి ఉంటాడేమో. అసలేమీ పంపడేమో. నాకు మాత్రం ఎంతసేపు పట్టినా అది అతని నోటితోనే వినాలని ఉంది. కాసిపేట బస్సెక్కడం పెద్ద పనేమీ కాదు. దిగి ఎటు వెళ్లాలి? ఇన్ని మాటలు చెప్పుకున్నాం, ఇల్లెక్కడని ఒక్కసారీ అడగలేదు...