ఆస్మా బిడ్డను పదకొండో బిడ్డగా చేర్చుకొనుట గురించి

శిశు సంరక్షణ కేంద్రాల తనిఖీ అధికారి గారి సముఖమునకు, ప్రొద్దుటూరులో పసిపిల్లల కేంద్రం నడుపుకొను షాహిస్తా వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నియమం కన్నా ఒక్క బిడ్డను అదనంగా ఉంచుకొనుటకు అనుమతి కోరుట.

1. తమరి ఉత్తర్వుల మేరకు చీర ఉయ్యాలలు విప్పేసి బిడ్డకొక మంచం వేయించితిని. మెట్లకు గేటు పెట్టించితిని. ఇవన్నీ మంచివే, కాదంటే కళ్లు పోతాయి. గేటు లేని రోజుల్లో నేను కుదురుగా అన్నం తిన్నది లేదు.

2. పదిమంది పిల్లలకు శిక్షణ పొందిన ఆయా ఒకరు ఉండవలెనన్నారు. మా అత్త ఖమర్‌బీ ఆరుగురిని కని పెంచిననూ, సర్టిఫికెట్ లేనందున లెక్కలోనికి రాదన్నారు. ఆ రోజే ఆమె, విప్పేసిన ఉయ్యాల చీరలన్నీ మడిచి పెట్టెలో పెట్టేసినది. కొత్త ఆయా జీతం, మంచాల ఖర్చు తల్లుల మీదే పడి ఫీజు రెట్టింపు దాటినది.

3. నన్ను ఆపా (అక్కా) అని పిలుచు ఆస్మా బట్టల అంగడిలో పనిచేయును, అంత కట్టలేకపోయినది. కోప్పడినా బాగుండేది. "నీ ఇల్లు శానా బాగైంది ఆపా. మా బిడ్డ పట్టనంత బాగైంది" అని రెండేళ్ల రిహానాను చంకనేసుకొని వెళ్లిపోయినది. ఆ వారమే ఆ మంచం మీదికి నగల అంగడి వారి బిడ్డను చేర్చుకొంటిని. సిగ్గుగా ఉంది అయ్యా.

4. ఆస్మాది మా పక్కిల్లే. బిడ్డ నడుముకు చున్నీ చుట్టి, మంచం కోడుకు ముడివేసి, బయట తాళం పెట్టి పనికి పోవుచున్నది. తిట్టబోతే "మరి యాడ పెట్టమంటావు ఆపా?" అన్నది. గోడ అవతలి నుంచి ఏడుపు వినబడును. "యాడో పిల్ల ఏడుస్తాంది మేడం" అని మా ఆయా అంటే, టీవీలే అని అబద్ధమాడితిని. నిన్న కిటికీలోంచి బిస్కెట్ అందించబోతిని. చున్నీ పొడవు చాలక బిడ్డ చేయి నా దాకా రాలేదు.

5. ఊరికే ఉంచుకొందామన్నా పదకొండో బిడ్డ అగును. పదకొండో బిడ్డకు రెండో ఆయా కావలెను. ఆమె జీతం వేస్తే ఇంకో ఆస్మా వెళ్లిపోవును.

కావున మా అత్తను లెక్కలో చేర్చుకొనియైనా, ఆయా జీతంలో కొంత సర్కారు భరించియైనా ఈ బిడ్డకు చోటిప్పించవలెనని నా గోడు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
షాహిస్తా

తా.క.: జవాబు దాకా ఆగలేకపోయినాను, ఆస్మాను అడిగి తాళంచెవి తీసుకొన్నాను. రిహానా ఇప్పుడు మా అత్త ఒడిలో నిద్రపోతోంది. తనిఖీకి వస్తే దాచను, పదకొండు అనే రాసుకోండి. కేంద్రం మూసేయడానికైతే మాత్రం పొద్దున్నే రండి. తల్లులంతా బిడ్డల్ని ఎత్తుకొని వాకిట్లో ఉంటారు. యాడ వదలాలో తమరే చెప్పండి.