పసుపు లేని ఒడిబియ్యం

ఫిబ్రవరి 8
బిడ్డ సరిత తీసిన సినిమా ఎల్లుండి వేస్తారట, దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న హాలు. నాకు కబురు లేదు. కింది కిరాయిదారు చెప్పాడు. ఇద్దరు ఆడపిల్లల ప్రేమ కథ. అంటే తనదీ, ఆ నవ్యదీ. ఎల్‌బీ నగర్‌లో కాపురం పెట్టారు కదా... పోను.

ఫిబ్రవరి 9
పోనంటే పోను.

ఫిబ్రవరి 10
పోయాను. మఫ్లర్ చుట్టుకుని వెనక కుర్చీలో.
పాట లేదు, ఫైటింగు లేదు. ఒక గది. ఒకతె ఇంకొకతెకు తల చిక్కు తీస్తుంది. తీస్తూనే ఉంటుంది. లేచి పోదామనుకున్నాను — కాళ్లు రాలేదు. సరితకు వాళ్లమ్మ అట్లాగే తీసేది.
తర్వాత ఒకతె కొంగు పడుతుంది. పెళ్లయిన బిడ్డకు బియ్యం పొయ్యాల్సిన పుట్టింటివాళ్లు రారు కాబట్టి రెండోదే ఒడిబియ్యం పోస్తుంది. తెల్ల బియ్యం! పీనుగు నోట్లో వేసే బియ్యం! నోరాగలేదు.
"పసుపేదే? పసుపు కలపకుంట పోస్తరా ఎవలన్న?"
హాలంతా తిరిగి చూసింది. ఎవడో నవ్వాడు.
బయట మెట్ల మీద సరిత. "ఈడ గూడ ఇజ్జత్ తీసుడేనా నాయినా?"
"గట్ల కాదే..."
వినలేదు.

ఫిబ్రవరి 11
పసుపు సంగతి చెప్పేవాళ్లెవరు దానికి. తల్లి పోయె. తెలిసినవాణ్ని నేనొకణ్ని — నాతో మాటల్లేవు.

ఫిబ్రవరి 13
కొత్తపేటలో అక్క ఇంటికి. సరితకు ఒడిబియ్యం పొయ్యాలి, రా అన్నాను.
"పెండ్లి గాని పిల్లకు ఒడిబియ్యమేందిరా? దిమాక్ ఖరాబయిందా?"
"రాకుంటె మానెయ్. నీ కాళ్లు మొక్కెటోడు ఎవడు లేడీడ."
చాయ్ ముట్టకుండా వచ్చేశాను.

ఫిబ్రవరి 15
బియ్యంలో పసుపు, నూనె నేనే కలిపాను. ఆడవాళ్ల పని. చేతులు పచ్చగా అయ్యాయి, సబ్బుకు పోవడం లేదు. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రెండు జాకెట్ గుడ్డలు. మూట కట్టాను.

ఫిబ్రవరి 16
ఎల్‌బీ నగర్. నవ్య తలుపు తీసింది.
"రండి అంకుల్. తను గదిలో ఉంది... రానంటోంది. అక్కడ పెట్టి వెళ్లండి, నేనిస్తాను."
"పెట్టి పోయేది కాదు. ఒళ్లె పొయ్యాలె."
మూసిన తలుపు వైపు చూసింది. చున్నీ రెండు చేతులా పట్టింది.
"నాకు పోయండి. తన దగ్గరికి నేను తీసుకెళ్తాను."
నా చెయ్యి మూట ముడి మీదే... సరిత రాకుండా విప్పబుద్ధి కాలేదు. ఆ పిల్ల చున్నీ పట్టుకుని అట్లాగే నిలబడింది. నేను మూటతోనే మెట్లు దిగాను.

ఫిబ్రవరి 17
మూట బల్ల మీదే ఉంది. కలిపింది ఇద్దరి కోసమే — ఆ మాట ఆ పిల్లతో అననే లేదు.