పదిహేడో పేజీ

డోర్డ్రెక్ట్,
అక్టోబరు 3.

యోరిస్‌కు,

నేనూ ఫెన్నా బాగున్నాం, ఓడ మీద నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాం. బాగాలేనిది ఇల్లొక్కటే. నీ ఉత్తరం గురువారం అందింది. అందులో అడిగినవన్నీ వరసగా చెబుతాను, ఒక్కటి మాత్రం ఆఖరికి ఉంచుకుంటాను.

మెట్ల పక్క పగులు పెరిగిందా అన్నావు. పెరిగింది. జూలైలో గోరు పట్టేది, ఇప్పుడు నా చిటికెన వేలు పడుతోంది. ముందుగది కిటికీ తెరిస్తే మూసుకోదు, వంటింటి తలుపు మూస్తే తెరుచుకోదు. ఫెన్నా గదికి రంగు వేశావా అన్నావు. వేయలేదు. పగులుతున్న గోడకి రంగెందుకు? ఫెన్నా మాత్రం, "మన ఇల్లు ఒరుగుతోంది కదమ్మా, నాన్న ఓడ కూడా ఇలాగే ఉంటుందా?" అని సంబరంగా అడుగుతోంది. ఏడేళ్ళ పిల్లకి ఏం చెప్పను? ఉంటుందన్నాను.

సోమవారం పెరటివైపు కూడా గుంట తీయించాను. ఆగస్టులో వీధివైపు గుంటలో చూసిందే ఇక్కడా కనిపించింది. ఈ వరసలో ఇళ్ళన్నీ నూరేళ్ళ కిందట బురదలో దింపిన కొయ్య దుంగల మీదే కదా నిలబడింది. నీళ్ళలో మునిగి ఉన్నంతకాలం వాటికి ఢోకా లేదట. నేలలో నీరు కిందికి దిగిపోయి, పైకొసలకి గాలి తగలడంతో కుళ్ళిపోయాయట. మేస్త్రీ దుంగ మీద చాకు పెట్టి నొక్కితే రొట్టెలోకి దిగినట్టు దిగింది. "ఇల్లు కొని ఎన్నాళ్ళయింది?" అన్నాడు. ఎనిమిది నెలలన్నాను. అతను చాకు తుడుచుకున్నాడు.

పక్కింటి ఆద్రియాన్ ఒప్పుకున్నాడా అన్నావు. మధ్యగోడ ఇద్దరిదీ కాబట్టి ఆయన ఒప్పుకోకపోతే మనం పార కూడా ఎత్తలేం. మూడుసార్లు వెళ్ళాను. రెండుసార్లు, "నాకు ఎనభై ఒకటి. నేను పోయాక తవ్వుకో, అమ్మాయ్" అని పంపేశాడు. మూడోసారి నాకు ఒళ్ళు మండి, "మీరు పోయేదాకా గోడ ఆగుతుందో లేదో దాన్నే అడగండి" అన్నాను. ఆయనకి కోపం రాలేదు. తన ముందు తలుపు చూపించి, "నలభై ఏళ్ళుగా ఏటా దీని అడుగు చిత్రిక పడుతున్నాను. చెమ్మకి ఉబ్బుతోందనుకున్నాను. ఇంక గీకడానికి చెక్క మిగల్లేదు. సరే, తవ్వించు" అన్నాడు. అక్కడే సంతకం పెట్టించుకున్నాను. పని వచ్చే నెల మొదలవుతుంది.

ఇక ఆ ఒక్కటి. "ఆ హూకెమా జవాబిచ్చాడా? వాడి తనిఖీ లైసెన్సు ఊడేదాకా వదలను" అని రాశావు. ఇల్లు కొనేముందు తనిఖీ చేసి ఇచ్చిన నలభై రెండు పేజీల రిపోర్టులో స్నానాలగది కుళాయి కారుతోందని రాసినవాడికి పునాది కనిపించలేదా అని ఓడంతా చెప్పుకుని నవ్వుతున్నారన్నావు.

అతనికి కనిపించింది, యోరిస్.

జనవరిలో, తనిఖీ జరిగిన సాయంత్రం, అతను నాకు ఫోన్ చేశాడు. "నేల కింద దూరి చూశాను. ఇటుక వరస కొంచెం వాలినట్టుంది. గుంట తీసి దుంగలు చూస్తే మంచిది. పది రోజులు పడుతుంది" అన్నాడు. ఇల్లమ్మించే ఆమేమో శుక్రవారంలోగా తేల్చకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తానంది. అప్పటికి మూడు ఇళ్ళు చేజారాయి. నువ్వు "అన్నీ నువ్వే చూసుకో" అని ఓడెక్కేశావు. ఆ నాలుగో అంతస్తు అద్దె కొంపలో ఇంకో చలికాలం గడపడం నావల్ల కాదనిపించింది. అక్కర్లేదన్నాను. "మీవారికి చెప్పారా?" అన్నాడు. చెప్పానన్నాను. నీకేమో, అతను పైనుంచి కింది దాకా చూసి గట్టిగా ఉందన్నాడని చెప్పాను. పదిహేడో పేజీలో ఉంది: కొనేవారు వద్దన్నందున పునాది తవ్వి చూడలేదు. ఆ రిపోర్టు నీకు పంపలేదు, నలభై రెండు పేజీలుందనీ కుళాయి కారుతోందనీ మాత్రం చెప్పాను.

పగుళ్ళు వచ్చిన రోజే చెప్పాల్సింది. నువ్వు అతన్ని తిట్టడం మొదలుపెట్టేసరికి నాకు తేలికైంది. చివరికి లైసెన్సు బోర్డుకి నువ్వు చేసిన ఫిర్యాదు మీద నేనూ సంతకం పెట్టాను.

మంగళవారం అతనింటికి వెళ్ళాను. వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. కూర్చోమన్నాడు.

"ఆ పేజీ బోర్డుకి ఎందుకు పంపలేదు?" అన్నాను.

"పంపుతాను. నా పేరు నేను నిలబెట్టుకోవాలి కదా. మీవారు ఆ సంగతి బోర్డు కాగితంలో చదవడం కంటే మీ నుంచి వినడం నయమని ఆగాను. విచారణ ఇరవయ్యో తారీఖున. పంతొమ్మిది దాకా చూస్తాను."

ఫిర్యాదు సంగతి బయటికి పొక్కి ఈ నెలలో ఇద్దరు అతనికి చెప్పిన పని రద్దు చేసుకున్నారట.

"నా మీద మీకు కోపం లేదా?" అన్నాను.

"చాలా ఉంది. కాఫీలో పంచదార వేయమంటారా?" అన్నాడు.

ఆ కాఫీ తాగి వచ్చాను.

ఇంటికి రాగానే జరిగిందంతా బోర్డుకి రాసి ఫిర్యాదులోంచి నా పేరు తీసేయమన్నాను. నీ పేరు నువ్వే తీయించుకోవాలట. అందుకు కావలసిన కాగితం ఇందులో పెట్టాను. పద్నాలుగున ఓడ రేవుకి చేరగానే సంతకం చేసి వెంటనే పంపించు.

నా మీద కోపం వస్తుంది. రావాలి కూడా. ఎన్ని రోజులు ఉంచుకున్నా నేనేమీ అనను. నాకు జవాబు ఆలస్యమైనా ఫరవాలేదు, ముందు హూకెమాకి రాయి.

ఇట్లు,
నీ భార్య,
హిల్కె