మూడు దెబ్బలకు వెళ్ళని పడవ

గౌరవనీయులైన జలమార్గాల పర్యవేక్షణాధికారి గారి సమక్షమునకు,
దిగువ రేవులో ముప్పై ఒక్క ఏళ్ళుగా దాటింపు పడవ నడుపుచున్న సరంగు వ్రాసుకొను విన్నపము.

అయ్యా,

విషయం: పందేల దినములలో దిగువ రేవున పడవ దాటరాదని తాము ఇచ్చిన ఉత్తర్వు గురించి, అదే దినములలో పడవ దాటలేదేమని తాము ఇచ్చిన నోటీసు గురించి.

జత: ఉత్తర్వు నకలు ఒకటి, నోటీసు నకలు ఒకటి. రెంటి అడుగునా ఉన్న సంతకము ఒక్కరిదేనని గమనించ ప్రార్థన.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. అవతలి ఒడ్డున నూట నలభై గడపలున్నవి. ఆసుపత్రి, పెద్ద బడి, బస్సులు ఆగే చోటు అన్నీ ఇవతలి ఒడ్డున ఉన్నవి. వంతెన మీదుగా రావలెనన్న ఇరవై రెండు కిలోమీటర్లు, అందులో సగం గుంతలు. కావున అవతలి వారికి నా పడవే వీధి. పడవ కావలసినవారు అక్కడ గుంజకు తీగతో వేలాడదీసిన రైలుపట్టా ముక్కను ఇనుప బోల్టుతో కొట్టుదురు. ఒక్క దెబ్బ కొడితే మనిషి ఉన్నాడని. రెండు కొడితే బరువు ఉన్నదని. మూడు కొడితే ప్రాణం మీదికి వచ్చినదని. మూడు దెబ్బలు వినబడితే నేను చేతిలో ముద్ద కంచంలో వదిలి వెళ్ళవలెను. ఇది మా నాన్న పెట్టిన కట్టుబాటు. తరువాత తమ కార్యాలయము వారు దానినే లైసెన్సులో తొమ్మిదవ షరతుగా అచ్చు వేసినారు. ముప్పై ఒక్క ఏళ్ళలో మూడు దెబ్బలు నేను నూట ఆరు సార్లు విన్నాను. నూట అయిదు సార్లు వెళ్ళాను. ఈ అర్జీ ఆ మిగిలిన ఒక్కదాని గురించి.

2. ఆరేళ్ళ క్రితం తమరు ఈ కార్యాలయములో కొలతల ఉద్యోగిగా ఉన్నప్పుడు, పడవ పందేలకు తగిన నీళ్ళు వెతుకుటకై పన్నెండు దినములు నా పడవ ఎక్కినారు. నేను సహకరించితిని. తమ ఆఫీసు గేటు పక్కన బల్ల వేసుకుని ఈ అర్జీ రాసిపెడుతున్న పెద్దాయన ఆ ఒక్క మాటతో సరిపెట్టమంటున్నాడు. సరిపోదు. తమరికి ఈత రాదు. మొదటి రోజున పడవ అంచు రెండు చేతులా పట్టుకుని, పొద్దున తిన్నదంతా నదికి సమర్పించుకున్నారు. నా తువ్వాలుతోనే మూతి తుడుచుకున్నారు. నేను గెడ దింపి లోతు చెబుతుంటే తమరు పుస్తకంలో రాసుకున్నారు. ఎక్కడ మెరక, ఎక్కడ సుడి, ఎక్కడ అడుగున రాయి, వరద తీశాక ఇసుక ఎటు మేట వేస్తుంది, ఇవన్నీ మా నాన్న నాకే తన చివరి ఏడాదిలో గానీ చెప్పలేదు. తమరికి పన్నెండు రోజుల్లో చెప్పేశాను. మధ్యాహ్నం మా ఆవిడ కట్టిచ్చిన అన్నం ఇద్దరం ఒకే గిన్నెలో తిన్నాం. నాలుగో రోజుకల్లా తమరు నన్ను ‘అన్నా’ అన్నారు.

3. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉన్నది, దాచను. పై రేవు నా వియ్యంకుడిది. నిజం చెప్పాలంటే పందేలకు అక్కడి నీళ్ళే మేలు. రెండు కిలోమీటర్లు తిన్నగా పోతుంది, ఒక్క సుడి లేదు, అవతలి ఒడ్డున ఇటుక బట్టీలే తప్ప ఊరు లేదు. ఏ రేవు నీళ్ళు మంచివని తమరు నన్ను అడిగినారు. పిల్లనిచ్చినవాణ్ణి, వియ్యంకుడి నీళ్ళు నా నీళ్ళకంటే మంచివని నా నోటితో ఎలా అంటాను? నా రేవు ముందు అదెంత అన్నాను. తమరు అదే రాసుకున్నారు. ఇప్పుడు పందెం రోజుల్లో వియ్యంకుడు తన రేవులో నిక్షేపంగా పడవ వేసుకుంటూ, ఎదురైనప్పుడల్లా ‘ఏం బావగారూ, నీళ్ళు ఎలా ఉన్నాయి?’ అని అడుగుతున్నాడు. అది నా ప్రారబ్ధం, అందుకు తమరిని బాధ్యులను చేయను.

4. కొలతలు ముగిసిన రోజున, పందేలు పెడితే నా పడవ సంగతేమిటని తమరిని అడిగాను. అందుకు తమరు నా చెయ్యి పట్టుకుని చెప్పిన మాట ఇది: “పందేనికీ పందేనికీ మధ్య అరగంట నీదన్నా. మూడు దెబ్బలు మోగితే పందేలే ఆపేస్తాం. నా మాట నమ్ము.” కాగితం మీద పెట్టమని నేను అడగలేదు. ఒకే గిన్నెలో తిన్నవాణ్ణి కాగితం అడగడం మర్యాద కాదనుకున్నాను. అడగమని మా ఆవిడ అన్నది. నీకు మనుషుల మీద నమ్మకం లేదని దాన్ని కేకలేశాను.

5. మొదటి రెండేళ్ళు పందేలు ఏడాదికి ఒక్క రోజే జరిగినవి. తమరు మాట నిలబెట్టుకున్నారు, కాదనను. పిమ్మట నెలకొక రోజు అయినది. తమరికి ప్రమోషన్ వచ్చినది, గది మారినది, గది బయట బంట్రోతు వచ్చినాడు. పడవ పందేలకు ఈత పోటీలు తోడైనవి, నీళ్ళ మీద తేలే పాటల వేదిక తోడైనది. ఈ ఏడాది నుండి ప్రతి శనివారమూ ప్రతి ఆదివారమూ ఉదయం ఆరు నుండి సాయంత్రం ఆరు వరకు ‘ఏ విధమైన పడవయు’ దాటరాదని తమ ఉత్తర్వు. అరగంట సంగతి అందులో లేదు. మూడు దెబ్బల సంగతీ లేదు. మూడుసార్లు చదివించుకున్నాను. వెనక పేజీలో ఏమైనా రాశారేమోనని తిప్పి కూడా చూశాను.

6. ఈ నెల మొదటి శనివారం ఉదయం పదకొండు గంటలకు అవతలి ఒడ్డున మూడు దెబ్బలు మోగినవి.

ఆ ఒడ్డున ఉండే దర్జీ కూతురికి నెలలు నిండినవి. ఆ పిల్ల నా పడవలోనే బడికి వచ్చింది, నా పడవలోనే పెళ్ళిబట్టలతో దాటింది, కాన్పుకని పుట్టింటికి వెళ్ళిందీ నా పడవలోనే. నన్ను బాబాయ్ అంటుంది. ఆ మూడు దెబ్బలు ఆ పిల్ల కోసమేనని నాకు మోగగానే తెలిసింది. పడవ నీళ్ళలోకి తోశాను. నారింజరంగు కోట్లు వేసుకున్న తమ కాపలావాళ్ళు మోటారు పడవలో వచ్చి నా తెడ్లు రెండూ లాక్కున్నారు. కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆఫీసరు గారు చెబితే ఇస్తామన్నారు.

తడి బట్టలతోనే, ఒడ్డున పెద్దమనుషుల కోసం వేసిన వేదిక దగ్గరికి పరుగెత్తాను. మొదటి వరుసలో తమరున్నారు. నేను మెట్లెక్కి, “తమ్ముడూ, మూడు కొట్టారు” అన్నాను. తమరు నా వంక చూశారు. పక్కన కూర్చున్న పెద్దమనుషుల వంక చూశారు. తరువాత కాపలావాడితో, “ఇతన్ని పైకి ఎవరు రానిచ్చారు?” అన్నారు.

పెద్దాయన ఈ మాట తీసేయమంటున్నాడు, అధికారుల మనసు నొచ్చుకుంటుందట. ఉంచమన్నాను.

నన్ను రెక్క పట్టుకుని దింపారు. మళ్ళీ మూడు మోగినవి. మైకులో ఫైనల్ అంటున్నారు. మళ్ళీ మూడు. నేను మోకాలి లోతు నీళ్ళలో నిలబడి రెండు చేతులూ ఊపాను. ఎందుకు ఊపానో నాకే తెలియదు. ఊపకుండా ఉండవలసింది. అది చూసి వాళ్ళు నేను బయలుదేరుతున్నాననుకుని ఇంకో నలభై నిమిషాలు ఆగారట. ఈది వెళ్ళవచ్చు కదా అని తమరు అనవచ్చును. ఈదుకుంటూ వెళ్ళి నిండు చూలాలిని ఎలా తెచ్చేది?

ఆఖరుకు పాలవ్యాను ఎక్కించి వంతెన దారిన తీసుకుపోతుంటే దారిలోనే కాన్పయింది. బిడ్డ బతికింది. తల్లికి నెత్తురు పోయి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంచినారు, నిన్ననే పంపినారు. గంట ముందు తెచ్చి ఉంటే ఇంత అయ్యేది కాదని డాక్టరమ్మ అన్నది. అది దర్జీతో అన్నది. నేను పక్కనే నిలబడి విన్నాను.

7. తొమ్మిదవ రోజున తమ నోటీసు వచ్చినది. అవతలి ఒడ్డు పిలుపునకు పడవ వేయనందున తొమ్మిదవ షరతు ఉల్లంఘన జరిగినదనియు, రేవు హక్కు ఎందుకు రద్దు చేయరాదో పదిహేను దినములలో తెలుపవలెననియు అందులో ఉన్నది. ఫిర్యాదు చేసినది దర్జీ. ఆయనను తప్పు పట్టను. ఆయన స్థానంలో నేనుంటే ఫిర్యాదుతో ఊరుకునేవాణ్ణి కాదు. మా ఆవిడకు చదువు రాదు. ఉత్తర్వునూ నోటీసునూ చాప మీద పక్కపక్కన పెట్టుకుని, కింది సంతకాల మీద వేలు పెట్టి చూసింది. “ఒక చేత్తో తలుపేసి, రెండో చేత్తో ఎందుకు రాలేదని కొడుతున్నాడు మీ తమ్ముడు” అన్నది. అంతే, కాగితాలు మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది.

8. మరుసటి దినము తమ కార్యాలయమునకు వచ్చితిని. ఉత్తర్వులు పోటీల విభాగమనియు, నోటీసులు రేవుల విభాగమనియు, రెండింటి గదుల మధ్య గోడ మాత్రమే ఉన్నదనియు తెలిసినది. తమ ఉత్తర్వు వలననే వెళ్ళలేదని సమాధానము వ్రాయబోగా, గుమాస్తా ఒక ఫారము ఇచ్చినాడు. పడవ వేయకపోవుటకు అందులో నాలుగే కారణములున్నవి: వరద, తుఫాను, పడవ మరమ్మతు, సరంగు మరణము. నాలుగింటిలో ఒకదానికి టిక్కు పెట్టవలెను. ఉత్తర్వు అని రాసుకునేందుకు గడి లేదు. పోనీ నాలుగోదానికి పెట్టమంటారా అని అడిగాను. పెట్టవచ్చు గానీ మరణ ధ్రువపత్రం జత చేయాలన్నాడు. నవ్వులాటకు అనలేదు, నిజంగానే చెప్పాడు.

తమ గది ముందు రెండు గంటలు కూర్చున్నాను. సార్ మీటింగులో ఉన్నారని బంట్రోతు అన్నాడు. తలుపు సందులోంచి తమ గొంతు వినబడుతూనే ఉన్నది. వియ్యంకుడి గొంతైనా మరచిపోతానేమో గానీ తమ గొంతు మరచిపోను.

9. అక్కడి నుండి తిన్నగా అవతలి ఒడ్డుకు వెళ్ళాను, జరిగింది చెప్పుకుందామని. గుంజకు తీగ ఒక్కటే వేలాడుతున్నది. రైలుపట్టా ముక్క లేదు. ఎవరైనా దొంగిలించారేమో అనుకున్నాను. దర్జీ ఇంటి అరుగు మీద ఉన్నది, తలుపుకు అడ్డం పెట్టుకున్నారు. దర్జీ మిషను ఆపకుండానే మాట్లాడాడు: “కొట్టినా రానివాడి కోసం కొట్టడమెందుకని విప్పేశాం. నువ్వు చెయ్యి ఊపకుండా ఉంటే అప్పుడే వ్యాను ఎక్కించేవాళ్ళం.” మూడు దెబ్బలకైనా మినహాయింపు లేదన్న ఉత్తర్వు సంగతి చెప్పాను. తెడ్లు లాక్కున్న సంగతి చెప్పాను. విన్నాడు. ముప్పై ఏళ్ళు పడవ నడిపినవాడికి ఇంకో జత తెడ్లు లేవా అని అడిగాడు. ఉన్నాయి. ఇంట్లో అటక మీద ఉన్నాయి. ఆ పూట నాకు తట్టలేదు. తమ్ముడున్నాడు, చెబితే ఆపుతాడు అన్న ధైర్యంతో వేదిక వైపు పరుగెత్తాను. అటు కాక ఇంటి వైపు పరుగెత్తి ఉంటే పట్టుబడినా సగం దూరమైనా వెళ్ళేవాణ్ణి. అయ్యా, తమ మీద నమ్మకమే నన్ను ఆ రోజు ఒడ్డున నిలబెట్టేసినది.

కావున తమరు దయతలచి:

అ) నోటీసును ఉపసంహరించవలెను.

ఆ) పందేనికీ పందేనికీ మధ్య అరగంట విరామమును, మూడు దెబ్బలు మోగినప్పుడు పోటీలు నిలుపుటను ఉత్తర్వులో చేర్చి, ముద్ర వేసి ఇవ్వవలెను. ఈసారి కాగితం అడుగుచున్నాను.

ఇ) ఫారములో అయిదవ గడి ఒకటి గీయించవలెను. అందులో ఏమి వ్రాయవలెనో తమకు తెలియును.

ఈ) పై మూడూ కుదరనిచో, నేను గెడతో కొలిచి చెప్పిన లోతులున్న ఆ పుస్తకమును నాకు తిరిగి ఇప్పించవలెను. పందేలకు లోతులు వేరెవరినైనా అడిగి కొలుచుకొనవలెను. పై రేవు నీళ్ళు నా నీళ్ళకంటే చాలా మంచివని ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను. ఈ ముక్క చదివించి వియ్యంకుడికి వినిపించినా నాకు అభ్యంతరము లేదు.

మీటింగు లేని సమయము చూసుకుని చిత్తగించవలెను.

ఇన్నేళ్ళూ తమ విధేయుడు,
దిగువ రేవు సరంగు

మరొక ముక్క:

పెద్దాయన టీకి వెళ్ళాడు. ఇది నా చేత్తో నేనే రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకో.

తమ్ముడూ, రేవు తీసుకుంటే తీసుకో. దాని గురించి ఇంక రాయను. నిన్న ఆ పిల్లను ఆసుపత్రి నుంచి పంపారు. బుధవారం, పందేల్లేవు, నది ఖాళీగా ఉంది. మా ఆవిడ దుప్పటి ఇస్తే పడవలో పరిచి, ఎండ తగలకుండా పైన గుడ్డ కట్టి, పొద్దుటి నుంచీ కనిపెట్టుకుని ఉన్నాను. బిడ్డను ఎత్తుకుని రేవు మెట్ల దాకా వచ్చింది. పడవ వంక చూసింది, నా వంక చూసింది. “వద్దు బాబాయ్, మేం బ్రిడ్జి మీంచి పోతాం” అంది. కోపంగా కూడా అనలేదు. పచ్చి బాలింత, ఆ గుంతల దారినే వ్యానులో పోయింది గానీ నా పడవలో కాలు పెట్టలేదు.

నువ్వు నన్నెరగనట్టు మాట్లాడినప్పుడు నాకు ఏడుపు రాలేదు. నిన్న వచ్చింది. సంతకాలు రెండూ నీవి. అవతలి ఒడ్డు వాళ్ళకు మాట తప్పినవాణ్ణి మాత్రం నేనే అయ్యాను.

నాకు జవాబు రాయొద్దు. ఏదో ఒక రోజు వచ్చి, అవతలి ఒడ్డున దిగి, ఆ రోజు పడవ ఆపింది నువ్వేనని ఆ పిల్లకు నీ నోటితో చెప్పు. నేనే దాటిస్తాను.