కోసిన మూల

మార్చి 4

ఈరోజు ల్యాబ్‌లో అందరూ పిచ్చుకకు చప్పట్లు కొట్టారు. ఒక్కచోట కుదురుగా కూర్చోదని దానికి ఆ పేరు. ఆ పిల్ల చేరి ఐదు నెలలు. నేను ఏడేళ్లుగా ఇదే బల్ల దగ్గర ఉన్నాను. ఒళ్ళు మండిపోయింది.

వైరస్ సోకిన కణాలు కీమోకైన్లనే రసాయనాలు వదులుతాయి. వాటి జాడ పట్టుకుని, వైరస్‌ను చంపే తెల్లకణాలు పరిగెత్తుకొస్తాయి. మరీ ఎక్కువ వస్తే ఊపిరితిత్తులు వాచిపోతాయి. కీమోకైన్లను ఆపే మందు ఇస్తే ఎలుకల్లో వాపు తగ్గుతుందని తేల్చింది నేను. మేడమ్ ఆరోజు ఊఁ అన్నారు, అంతే. ఇప్పుడు వైరస్ కూడా తగ్గిందని పిచ్చుక తేల్చింది. ఇన్నాళ్ళకు ల్యాబ్‌కు కళ వచ్చిందన్నారు మేడమ్. మరి ఇన్నాళ్ళూ నేను చేసిందేమిటి?

మార్చి 5

తిండి సయించలేదు. తెల్లకణాలను రాకుండా ఆపేస్తే వైరస్ ఎలా తగ్గుతుంది?

మార్చి 6, ఉదయం 10

దొరికింది!

ఫ్రీజర్ చలికి ట్యూబుల మీద రాత చెరిగిపోతుంది. అందుకని డబ్బాలో చోటునే గుర్తుగా పెట్టుకుంటాం. డబ్బాకు ఒక మూల కోసి ఉంటుంది. అది ఎడమ పక్క పైన ఉండాలి, నేను ట్యూబులు సర్దేది అలాగే. అప్పుడు పై వరసలు మందు ఇచ్చిన ఎలుకలవి, కింది వరసలు ఇవ్వనివి. పిచ్చుక ఆ మూలను కుడి పక్క కింద పెట్టుకుని ట్యూబులు తీస్తోంది. అంతా తారుమారు. అసలు మందు ఇచ్చిన ఎలుకల్లోనే వైరస్ పెరిగింది.

చెప్పలేదు. శుక్రవారం మీటింగులో అందరి ముందూ బయటపడనీ. కడుపు చల్లగా ఉంది.

మార్చి 8

ఎవరూ పట్టుకోలేదు. పేపర్ రాసెయ్యమన్నారు. ఇంత శ్రద్ధగా ఎవరు నేర్పారమ్మా అని మేడమ్ అడిగితే, అక్కే ఎదురుగా కూర్చుని డబ్బా చూపించింది, అచ్చం అలాగే పెడుతున్నా అంది పిచ్చుక.

ఎదురుగా. నాకు ఎడమ పక్క పైనున్న మూల దానికి కుడి పక్క కింద. లేచి దాని పక్కకు వెళ్ళడానికి బద్ధకించింది నేనే.

మార్చి 12

పిచ్చుక పేపర్ డ్రాఫ్ట్ ఇచ్చింది. నా పేరు ముందు పెట్టింది. ఇదేమిటే అంటే, నువ్వు లేకపోతే నాకు ట్యూబు పట్టుకోవడం కూడా వచ్చేది కాదక్కా అంది. ఏడేళ్లలో నా పేరు ఎక్కడా ముందు రాలేదు. రెండుసార్లు చదువుకున్నాను, సిగ్గులేకుండా.

సోమవారం జర్నల్‌కు పంపేస్తారట. అది నమ్మి ఎవరైనా ఆ మందును మనుషులకిస్తే?

మార్చి 15

చెప్పేశాను. పిచ్చుక ఏడవలేదు. ఎప్పుడు చూశావక్కా అని అడిగింది.

ఇప్పుడే అన్నాను.

నమ్మింది.