పూడ్చిన గుంతలు

రాళ్లచెలక,
కొల్లాపూర్ దగ్గర.
18 సెప్టెంబర్ 2022.

చి.సౌ. మల్లికకు అమ్మ దీవెనలు. ఇక్కడ మీ బాపు, నేను, గొర్లు అందరం క్షేమం. ఒక్క రోడ్డే క్షేమంగా లేదు. అల్లుడిని, మీ అత్తమ్మను అడిగానని చెప్పు.

తొలి కాన్పుకు ఎప్పుడు తోలుకపోతావని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నావు. నీ గొంతు వింటే వద్దని చెప్పలేను, అందుకే కాగితం పట్టాను. రావొద్దు బిడ్డా. మీ నందికొండలో దవాఖాన దగ్గరే కదా, అక్కడే కను. నేనే వచ్చి నీ దగ్గర ఉంటాను.

సర్పంచ్ బిడ్డకే రోడ్డు లేదా అని మీ అత్తగారింట్లో నవ్వుతారు. నవ్వనీ. ఊరి లోపలి వీధులే మా పంచాయతీవి. ఊరు దాటితే మెయిన్ రోడ్డు దాకా ఇంజనీర్ల శాఖది. మా నిధులతో అక్కడ తట్టెడు మొరం పోసే అధికారం కూడా నాకు లేదు. వాళ్లు వచ్చి చూడాలి, రాయాలి, జిల్లా నుంచి మంజూరు కావాలి. సర్పంచ్‌గా గెలిచిన నాటి నుంచి తిరిగి తిరిగి నా చెప్పులరిగాయి.

చివరికి మొన్న ఇంజనీరు సారు చూడ్డానికి వస్తానన్నాడు. మనవాళ్ల సంగతి నీకు తెలుసు కదా, చుట్టం వస్తున్నాడంటే వాకిలి ఊడవకుండా ఉంటారా? "సారు జీపు గుంతల పడి నడుం పట్టుకుంటె మన ఇజ్జత్ ఏమైతది" అని మీ బీరన్న చిన్నాయన ఊరిని లేపాడు. ఇంటికో మనిషి కదిలి, గుట్ట నుంచి మొరం మోసి, గుంతలన్నీ పూడ్చి, నీళ్లు చల్లి గట్టిగా దిమ్మిస కొట్టారు. నేనూ వద్దనలేదు. సారు హాయిగా వచ్చాడు. "రోడ్డు మంచిగనే ఉంది గదమ్మా, దీనికంటె పాడైనయి శానా ఉన్నయి" అని జాబితాలోంచి మన ఊరి పేరు కొట్టేసి, చాయ్ తాగి పోయాడు. నవ్వాలో ఏడవాలో తెలియక మీ బాపు గొర్ల దగ్గరికి పోయాడు.

తర్వాత పడ్డ వానకు ఆ మొరం కూడా కొట్టుకుపోయింది. నిండు మనిషివి, ఆ గుంతల్లో ఆటో ఎక్కి రమ్మని ఏ నోటితో చెప్పను? అలసిపోయాను బిడ్డా.

వేళకింత తిను. బరువులు ఎత్తకు.

నీ అమ్మ,
గుర్వమ్మ

తా.క.: సంతకం పెట్టాక నీకు అబద్ధం చెప్పడానికి మనసు ఒప్పలేదు. పైన రాసినట్టు వాన పడలేదు. మొరం గట్టిగానే నిలిచింది, నువ్వు కుదుపు లేకుండా వచ్చేదానివి. కాళ్లావేళ్లా పడితే సారు ఇంకోసారి చూస్తానన్నాడు. అందుకని పూడ్చిన గుంతలన్నీ నిన్న మేమే తవ్వేశాం. మంజూరై రోడ్డు పడేసరికి నీ బిడ్డకు నడకొస్తుంది. ఎవరూ ముందుకు రాకపోతే మొదటి గడ్డపార నేనే వేశాను. నువ్వొచ్చే దారి అని తెలిసే వేశాను.