శివాజీ పోయిన యాసంగి వడ్లు

సూర్యాపేట జిల్లా, మునగాల మండలం, జమ్మిగూడెం గ్రామంలో ఉంటున్న పగిళ్ల సాయమ్మ అను నేను, కీర్తిశేషులు పగిళ్ల దుర్గయ్య గారి భార్యను, వయసు అరవై ఆరు, వృత్తి వ్యవసాయం, కోదాడ దస్తావేజు లేఖరి జితేందర్ చేత రాయిస్తున్న వీలునామా ఇది. నాకు షుగరు ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి. మతి మాత్రం స్థిరంగానే ఉంది. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ బుజ్జగించలేదు. నేను చెప్పేదాంట్లో సగం వీలునామాకు అక్కర్లేదని జితేందర్ ఒకసారి పెన్ను కింద పెట్టాడు. రాయకపోతే ఇంకో లేఖరి దగ్గరికి పోతానంటే మళ్లీ తీశాడు.

ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. నా తర్వాత అంతా నా ఒక్కగానొక్క కొడుకు శివాజీదే కాబట్టి ఆ అవసరం పడలేదు. 2022 యాసంగి పంట కాలంలో వాడు చనిపోయాడు. అందుకే ఈ రాత.

1. ఈ వీలునామాను అమలు చేయవలసినవాడు నా తమ్ముడు అంజయ్య, కోదాడ నివాసి. పెళ్లయి అక్కడికి పోయినప్పటి నుంచి "వస్తుందక్కా, అవుతుందక్కా" అని ఆంధ్రావాళ్ల లెక్క మాట్లాడతాడు. అయినా మాట తప్పే మనిషి కాదు.

2. కాలువ కింద నా పేరున ఉన్న ఎకరా ఇరవై గుంటల పొలం, ఊళ్లో ఉన్న పెంకుటిల్లు, దొడ్డి, పాడి బర్రె నా కోడలు భాగ్యకు చెందాలి. ఆమె తర్వాత నా మనవరాలు సుష్మితకు చెందాలి. భాగ్య మళ్లీ పెళ్లి చేసుకున్నా ఈ ఆస్తి ఆమెదే. అది అడ్డం పెట్టి ఎవరూ తగాదా చేయరాదు. చేసుకొమ్మని నేనే చెప్పి చూశాను. "గా మాట మల్ల అనకు అత్తా" అని ఏడ్చింది. నేనున్నానని మొహమాటపడుతున్నదేమో, ఇకమీదట పడనక్కర్లేదు.

3. శివాజీ ఖాకీ బట్టలు, విజిల్, బూట్లు సుష్మితకు ఇవ్వాలి. చొక్కా నేను ఉతకలేదు, ఎవరినీ ఉతకనివ్వలేదు. పెద్దయ్యాక పోలీసునవుతానని ఆ పిల్ల అంటున్నది. ఆ మాట వింటే నాకు భయం. అయినా దాని ఇష్టానికి ఎవరూ అడ్డం పోవద్దు.

4. ఈ పంపకం వెనక సంగతి రేపు సుష్మితకు ఎవరు ఎలా చెబుతారో తెలియదు. అందుకని ఇక్కడే రాయిస్తున్నాను.

ఆ యాసంగిలో కాలువ చివరి పొలాలకు నీళ్లు అందలేదు. నాటు వేసిన మళ్లు నెర్రెలు బాసాయి. మా ఊరివాళ్లు చెప్పులరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఇచ్చిన ప్రతి అర్జీకీ రసీదు వచ్చింది, నీళ్లు మాత్రం రాలేదు. చివరికి మహేందర్ పురుగుల మందు డబ్బా పట్టుకుని మా ఊరి సెల్ టవర్ ఎక్కాడు. కాలువకు నీళ్లు వదలకపోతే తాగి చస్తానన్నాడు. మహేందర్ ఎవరో కాదు, ఒకటో తరగతి నుంచి నా కొడుకుతో కలిసి చదివినవాడు, సగం అన్నం మా ఇంట్లోనే తిని పెరిగినవాడు.

ఆ డబ్బాలో ఉన్నవి నీళ్లు. అది నాటకమని ఊరంతటికీ ముందురోజే తెలుసు. మా ఇంటికి మాత్రం చెప్పలేదు. శివాజీ హోంగార్డు. మా దండెం మీద ఖాకీ చొక్కా ఆరుతుంది కాబట్టి మాకు చెబితే స్టేషన్‌కు తెలిసిపోతుందని భయపడ్డారు.

ఆ రోజు అక్కడ శివాజీకే డ్యూటీ పడింది. తాడు తెప్పిస్తున్నాం, ఆగమని ఎస్సై చెప్పాడు. వాడు ఆగలేదు. "అరే మహేందర్, కదలకురా, నేనొస్తున్న" అని ఎక్కడం మొదలుపెట్టాడు. "రాకురా, గివి నీళ్లేరా" అని మహేందర్ పైనుంచి అరిచాడు. కింద డప్పులు, నినాదాలు. ఆ మాట ఎవరికీ వినబడలేదు. నీళ్లేనని చూపించడానికి మహేందర్ డబ్బా ఎత్తి గటగటా తాగాడు. నా కొడుకు అది మందే అనుకున్నాడు. అప్పటిదాకా ఒక్కో కడ్డీ పట్టుకుని నిదానంగా పోతున్నవాడు ఒక్కసారిగా ఉరికాడు. చెయ్యి జారింది. వాడు పడిన చోటికి పక్కనే పిల్లలను చంకనేసుకున్న తల్లులు నిలబడి ఉన్నారు. వాళ్లకేమీ కాలేదు, అదొక్కటే మేలు. సూర్యాపేట దవాఖానకు చేరేలోపే వాడి ప్రాణం పోయింది. కింద ఉన్న హోంగార్డు చిరంజీవి చూసిందీ, పైన ఉన్న మహేందర్ స్టేషన్‌లో చెప్పిందీ సరిపోయాయి కాబట్టి జరిగింది ఇదేనని నమ్ముతున్నాను.

మూడో రోజు కాలువకు నీళ్లు వదిలారు. శివాజీ పేరున పిట్టకు ముద్ద పెట్టి వస్తుంటే మా మడిలో నీళ్ల చప్పుడు వినబడింది. గట్టు మీద కూలబడి ఏడ్చాను. ఆ ఏడుపు కొడుకు పోయాడనా, పైరు బతికిందనా అంటే ఈ రోజుకీ చెప్పలేను. ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

5. టవర్ పక్కనున్న నా పొలం గట్టు మీద శివాజీ పేరున స్తూపం కడతామని ఊరివాళ్లు అడుగుతున్నారు. ఒప్పుకోను. నా తర్వాత కూడా ఎవరూ ఒప్పుకోరాదు. ఏటా ఆ రోజున ఫ్లెక్సీ మీద నా కొడుకు ఫోటో పెట్టి, నీళ్ల కోసం ప్రాణమిచ్చాడని రాస్తున్నారు. వాడు నీళ్ల కోసం ప్రాణమివ్వలేదు. దోస్తు చచ్చిపోతున్నాడనుకుని పరుగెత్తి పోయాడు. రాస్తే అది రాయండి, లేకపోతే ఆ ఫోటో తీసి నా ఇంటికి పంపండి.

6. పోయిన నెలలో కుర్రవాళ్లు కొందరు మా ఇంటికి వచ్చి శివాజీ ఫోటోకు దండ వేశారు. హైవే దాటబోయి మా ఊరి మనుషులు చనిపోతున్నారు, రోడ్డు కింద నుంచి దారి కావాలని వాళ్ల పోరాటం. అడిగేది న్యాయమే. మళ్లీ టవర్ ఎక్కుతారట. "ఎక్కితేనే మన మాట ఇంటరు పెద్దమ్మా, లేకుంటే మనల్ని ఎవరు దేకుతరు" అన్నారు.

వద్దనడానికి నాకు నోరు రాలేదు. ఆ నీళ్లు నా పొలానికి కూడా పారాయి. ఎక్కండి అనడానికి అంతకన్నా రాలేదు. చాయ్ ఇచ్చి పంపాను. రాత్రంతా పడుకోలేకపోయాను. కాబట్టి వాళ్లకు నేను ఇచ్చిపోయేది ఈ ఒక్క మాట. మీరు ఏ నాటకం వేయదలిచినా ముందు ఖాకీ వేసుకునేవాడి ఇంటికి పోండి. వాడి తల్లిని పిలిచి, "అమ్మా, డబ్బాలో ఉన్నవి నీళ్లే, నీ కొడుకును పైకి ఎక్కనివ్వకు" అని చెప్పండి. అలా చెప్పడానికి వీలుకాని నాటకమైతే అసలు వేయకండి. మీ న్యాయం కోసం ప్రాణం పందెం పెట్టదలిస్తే అది మీ ప్రాణమే అయి ఉండాలి. నా కొడుకును ఎవరూ అడగలేదు.

7. మా పక్కింటి రాములమ్మకు నేను ఏమీ ఇవ్వడం లేదు. ఆ రోజు పొద్దున తోడుకు పెరుగు కావాలని వచ్చి, మా అరుగు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడి పోయింది. శివాజీ అక్కడే బూట్లకు పాలిష్ వేసుకుంటున్నాడు. వాడిని చూస్తూ కూడా ఒక్క మాట అనలేదు. తర్వాత, "ఏం జేయను వదినా, పోరగాళ్లు ఒట్టేయించుకున్నరు" అని నా కాళ్ల మీద పడి ఏడ్చింది. ఏడిస్తే ఏం లాభం, ఆమె ఒట్టు ఆమెకు దక్కింది. ఈ వీలునామాకు ఆమెనే సాక్షిగా పెడుతున్నాను. తెలిసిన సంగతి దాచకుండా నలుగురిలో చెప్పే పని ఈసారైనా చేయాలి. సాక్షికి ఆస్తి రాయకపోవడమే మంచిదని జితేందర్ కూడా అన్నాడు.

8. ఆ యాసంగిలో పండిన వడ్లన్నీ మిర్యాలగూడ మిల్లుకు పోయాయి. ఒక్క గోతం ఆపాను. వేపాకు వేసి కట్టి, ఏటా విప్పి ఎండబోసి మళ్లీ కడుతున్నాను. అందులో ఒక్క గింజ తినలేదు, అమ్మలేదు, విత్తనానికి వాడలేదు. ఎందుకు దాస్తున్నావని భాగ్య ఒకసారి అడిగి ఊరుకుంది. అప్పుడు నాకూ తెలియదు, ఇప్పుడు తెలిసింది.

టవర్ ఎక్కినందుకు పెట్టిన కేసుకు మహేందర్ ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. తెల్లారకముందే వచ్చి నా పొలానికి నీళ్లు మళ్లించి పోతాడు. పోతూ పోతూ మా వాకిట్లో నిలబడి "అమ్మా" అని పిలుస్తాడు. నేను తలుపు తీయను. వాడి మీద పగ లేదు. నా కొడుకు పక్కన లేకుండా ఆ మొహం ఒక్కటే లోపలికి రావడం నేను చూడలేను. నేను బతికుండగా మహేందర్ నా గడప దాటరాదు.

నేను పోయిన రోజున మాత్రం భాగ్య వాడికి తలుపు తీయాలి. ఆ గోతం విప్పి, మా రోట్లోనే దంచి, ఆ బియ్యం నా నోట్లో వేయించాలి. కొడుకు వేయవలసిన మొదటి గింజలు మహేందర్ వేయాలి. ఆ నీళ్లతో పండిన అన్నం సాయమ్మ ముట్టకుండానే పోయిందన్న బాధ వాడికి మిగలకూడదు.

మిగిలిన బియ్యం ఆ రోజే వండి, మహేందర్‌ను మా ఇంట్లో కూర్చోబెట్టి పెట్టాలి. వాడు ఎప్పుడూ శివాజీకి కుడిపక్కన కూర్చునేవాడు. వాడికి ఎడమపక్కన ఇంకో విస్తరి వేయండి.

ఇది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. వేలిముద్ర చాలని జితేందర్ అన్నాడు. అక్కర్లేదు, నాకు సంతకం వచ్చు. శివాజీ తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు పలక మీద నేర్పాడు.

కోదాడ, 2025 నవంబరు 17

(సంతకం) పగిళ్ల సాయమ్మ

సాక్షులు:
1. రాములమ్మ, జమ్మిగూడెం (వేలిముద్ర)
2. చిరంజీవి, హోంగార్డు (సంతకం)

రాసినవారు: జితేందర్, దస్తావేజు లేఖరి, కోదాడ